లోగిలిలోని కలప చట్రం: ఉత్తరాంధ్ర గృహనిర్మాణ పదజాల సాక్ష్యం

పాత ఇళ్ళను మట్టిళ్ళు, పూరిళ్ళు, పెంకుటిళ్ళు అని వర్గీకరించడం పరిపాటి. గోడను బట్టో కప్పును బట్టో ఏర్పడిన ఈ పేర్లలో కలప ప్రస్తావన లేదు. విశాఖపట్నం పొలిమేరలోని సబ్బవరం వంటి ప్రాంతాల్లో స్లాబు ఇళ్ళు పాత లోగిళ్ళ స్థానాన్ని ఆక్రమిస్తున్న దశలో, కలప పాత్రను గుర్తించడానికి పదజాలమే దగ్గరి ఆధారం.

ఇంగ్లండులో కలప చట్రపు ఇల్లు తన నిర్మాణాన్ని వీధికి చూపుతుంది. చెషైర్‌లో 16వ శతాబ్దారంభంలో మొదలైన లిటిల్ మోర్టన్ హాల్‌లో బరువంతా ఓక్ స్తంభాలు, దూలాలదే. వాటి నడుమ తడిక అల్లి మట్టి మెత్తిన భాగం కేవలం మరుగు. మండువా లోగిలి ఇందుకు భిన్నం. వీధివైపు కనిపించేవి గోడ, అరుగు, ద్వారబంధం. కలప నిర్మాణమంతా లోపలిది. మండువా చుట్టూ నిలిచిన స్తంభాలపై దూలాలు, దూలాల నుండి గోడలపైకి వాసాలు, వాసాలపై పెంకులు. కప్పు బరువులో సగం గోడది, సగం కలపది. కాబట్టి లోగిలిని పూర్తిగా కలప చట్రపు ఇల్లు అనడం అతిశయోక్తి. మట్టిల్లు అనడం అంతకంటె పెద్ద పొరపాటు.

భాష ఈ కలపను మరువలేదు. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అనే జాతీయం, పడుకున్నవాడికి వాసాలు కంటికి కనిపించే ఇంటిలోనే పుట్టగలదు. పూరింటి నడుమ కప్పును మోసే నిట్రాడు, కుటుంబభారం మోసే వ్యక్తికి ఉపమానమైంది. ఊరి పరిమాణాన్ని గోడలతో కాక గడపలతో లెక్కించడం మరింత గమనార్హం. పెళ్ళిపందిరికి ముందుగా పాతేదీ రాటయే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశంలో బూదరాజు రాధాకృష్ణ గృహనిర్మాణ పదాలను సేకరించాడు. ఆ కృషిని మాండలిక భేదాల పట్టికగా మాత్రమే చదవడం దాని విలువను తగ్గించడమే. ఏ భాగం దేనిమీద ఆనుతుందో చెప్పే నిర్మాణచరిత్రగానూ దానిని చదవవచ్చు.

కలప చరిత్రకు సముద్రమూ సాక్షి. రంగూనుతో తీరాంధ్రకు ఉన్న రాకపోకల కాలంలో బర్మా టేకు సంపన్నగృహాల గుర్తు. 1942లో జపాను సేనలు రంగూనును ఆక్రమించడంతో ఆ మార్గం తెగింది. తాటిదూలం మాత్రం సామాన్యుని ఇంట మరికొంతకాలం నిలిచింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం ఇనుపచువ్వను విశాఖ పరిసరాలకు ఇరుగుపొరుగు వస్తువుగా మార్చింది.

ఇక్కడొక వైరుధ్యం ఉంది. నేటి కాంక్రీటు ఇంటిలో బరువంతా చట్రానిదే, గోడ మళ్ళీ మరుగు మాత్రమే. లోగిలి సగం అనుసరించిన సూత్రాన్ని ఈ ఇల్లు పూర్తిగా అనుసరిస్తుంది. అయినా స్తంభం పిల్లరైంది, దూలం బీమైంది. నిర్మాణసూత్రం దగ్గరైన చోటనే పదం దూరమైంది. వాసానికైతే ఆ మార్పిడి కూడా లేదు: స్లాబులో దానికి స్థానం లేకపోవడంతో అది జాతీయంలోనే మిగిలింది. మినహాయింపు ద్వారబంధం. స్లాబు ఇంటికి సైతం సింహద్వారం నిలపడానికి ముహూర్తం చూస్తారు, పసుపు కుంకుమలు పెడతారు. ఆ కలప ఇప్పుడు తలుపును తప్ప మరే బరువునూ మోయదు.