కాలేయ రోగికి ఊపిరితిత్తుల టీకా

2021 మార్చి 1వ తేదీన మన దేశమున కోవిడ్ టీకాల కార్యక్రమము రెండవ దశలో ప్రవేశించెను. అంతకుముందు వైద్య సిబ్బందికిని, పోలీసులు మొదలగువారికిని మాత్రమే టీకాలు వేయుచుండిరి. ఆ దినము నుండి 60 ఏండ్లు నిండిన వారందరును అర్హులైరి. 45 నుండి 59 ఏండ్ల వారు మాత్రము తమకు ఒక దీర్ఘవ్యాధి ఉన్నదని వైద్యుని చేత ధ్రువపత్రము వ్రాయించుకొని రావలసి యుండెను. అట్టి వ్యాధులు 20 అని ప్రభుత్వము ఒక పట్టిక ప్రకటించినది. అందు కాలేయ రోగములలో బాగుగ ముదిరిన సిర్రోసిస్ కలదు. అనగా కాలేయము గట్టిపడి, పొట్టలో నీరు చేరుట, రక్తపు వాంతులగుట, మతి తప్పుట వంటి ఉపద్రవములు కనిపించిన దశ. కాలేయ మార్పిడి జరిగిన వారికిని, దానికై ఎదురుచూచువారికిని కూడ ఆ పట్టికలో చోటు దొరకినది.

ఇప్పుడు తొర్రూరులో 50 ఏండ్ల రైతు నొకనిని ఊహించుకొందము. (ఈ ఊరు పూర్వము వరంగల్ జిల్లాలోనిది; 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరినది.) హెపటైటిస్-బి వలన అతని కాలేయము గట్టిపడినది. అయినను పొట్టలో నీరు లేదు, పొలము పనులు మానలేదు. పట్టిక లెక్కలో అతడు రోగియే కాడు! 45 ఏండ్లు దాటిన వారందరికిని టీకా అని ఏప్రిల్ 1న చెప్పువరకు అతడు ఆగవలెను. అదే వ్యాధి 38 ఏండ్ల తమ్మునికి ఎంత ముదిరియున్నను, అతనికి మే 1 వరకు వంతు రాదు. నెల, రెండు నెలలు ఏపాటి అని మనము అనుకొనవచ్చును. కాని కోవిడ్ రెండవ ఉద్ధృతి దేశమును కుదిపివేసినది సరిగా ఆ ఏప్రిల్, మే నెలలలోనే.

ఊపిరితిత్తులకు పట్టు రోగమునకును కాలేయమునకును సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. జీర్ణక్రియకు తోడ్పడు పైత్యరసమును తయారుచేయు అంగమని కాలేయమును గూర్చి మన పుస్తకములు చెప్పును. అది రక్షణ శాఖ కూడ నని అంత గట్టిగా చెప్పవు. కాలేయమునకు చేరు రక్తములో సుమారు ముప్పాతిక భాగము ప్రేవుల నుండి వచ్చును. ఆ రక్తముతో కొట్టుకొనివచ్చు సూక్ష్మజీవులను పట్టి మ్రింగుటకు అచ్చట కుప్ఫర్ కణములు కాచుకొని యుండును. రక్తములో తిరుగుచు సూక్ష్మజీవులను చీల్చి చంపు కాంప్లిమెంటు అను మాంసకృత్తులలో ఎక్కువ భాగము తయారగునదియు కాలేయముననే. కాలేయము గట్టిపడినప్పుడు ఈ మాంసకృత్తులు తగ్గును; రక్తము కుప్ఫర్ కణములను తాకకుండ ప్రక్కదారులు పట్టును; ప్లీహము ఉబ్బి తెల్ల కణములను తనలో బంధించును. ఇట్లు కావలి సడలిన దేహములో, ఇతరులకు నాలుగు దినములలో తగ్గిపోవు ఫ్లూ జ్వరము సైతము, అంతవరకు ఎట్లో నెట్టుకొని వచ్చుచున్న కాలేయమును ఒక్కసారిగా కూలద్రోయవచ్చును. ఫ్లూ సోకిన సిర్రోసిస్ రోగులలో ఇట్లు జరిగిన సంగతిని అమెరికా వైద్యులు 2000 సంవత్సరములో ప్రకటించిరి.

ఫ్లూ మనకు క్రొత్త చుట్టము కాదు. 1918లో అది మన దేశమున కోటి మందికి పైగా బలిగొన్నది. దానికి కారణమైన వైరసు 1933లో లండనులో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అను శాస్త్రజ్ఞులకు చిక్కినది. 1945 నాటికి అమెరికాలో టీకా సామాన్య ప్రజలకు అందినది. 1957 మే నెలలో సింగపూరు నుండి మద్రాసు రేవు చేరిన ‘రజుల’ అను ఓడ ఆసియా ఫ్లూను మన తీరమునకు తెచ్చెను. కూనూరు పాశ్చర్ సంస్థలోని ఇన్‌ఫ్లుయెంజా కేంద్రమువారు దానిని గమనించుచు వచ్చిరి. కొలది నెలలలో లెక్కకు వచ్చిన రోగులే 44 లక్షలు దాటిరి. మరణములు వేయికి పైగా నమోదైనవి. ఆ మహమ్మారి నేర్పిన పాఠముతోనే 1960లో అమెరికా సర్జన్ జనరల్ వృద్ధులకును, గర్భిణులకును, దీర్ఘవ్యాధులు కలవారికిని ఏటేట ఫ్లూ టీకా వేయవలెనని సూచించెను. బలహీనులను ముందుగా కాపాడవలెనను నేటి పద్ధతికి మూలము అది. 2009లో వచ్చిన హెచ్1ఎన్1 ఫ్లూ విషయమున మన దేశమున మొదటి రోగి బయటపడినది హైదరాబాదులోనే. ఆ రోగి అమెరికా నుండి విమానములో వచ్చినవాడు.

కాలేయమునకు సంబంధించిన టీకాల చరిత్రలో కూడ హైదరాబాదునకు గొప్ప స్థానమున్నది. 1993లో వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసినది. జన్యువును ఈస్టులో ప్రవేశపెట్టి మన దేశమున తయారుచేసిన మొదటి టీకా అది. విదేశపు టీకా వెల సామాన్యులకు అందరానిదైన రోజులవి. ఈ టీకా మన రైతుకు బాల్యముననే అందియున్నచో ఈ కథయే లేకపోవును. అయితే ఈ టీకా వాడుకలోనే వైద్యులు ఒక చిక్కును కనుగొనిరి. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా దీని వలన రక్షణ పొందుదురు. సిర్రోసిస్ ముదిరినవారిలో చాలమందికి ఆ ఫలము దక్కదు. టీకా ఎవరికి ఎక్కువ అవసరమో వారి దేహమే దానికి తక్కువగా స్పందించును!

కోవిడ్ విషయమున కూడ ఇదియే జరుగునా అని అందరును భయపడిరి. టీకాల తొలి పరీక్షలలో కాలేయ రోగులు నూటికి ఒక్కరు కూడ లేకపోవుటచే సమాధానము చెప్పగలవారు లేకపోయిరి. టీకా వేయించుకొన్నచో ఉన్న కాలేయము కూడ పాడగునని జంకినవారును కలరు. 2021లో వెలువడిన రెండు పరిశోధనలు విషయమును తేటపరచినవి. మొదటిది 29 దేశములలో కోవిడ్ సోకిన 745 మంది కాలేయ రోగులది. సిర్రోసిస్ లేనివారిలో నూటికి 8 మంది మరణింపగా, ఉన్నవారిలో 32 మంది మరణించిరి. మిక్కిలి ముదిరినవారిలో ఈ సంఖ్య 51. రెండవది అమెరికాలోని మాజీ సైనికులలో సిర్రోసిస్ ఉన్నవారిది. మొదటి మోతాదు వేసిన 28 దినముల తరువాత వారిలో వ్యాధి సోకుట సుమారు 65 శాతము తగ్గినది. ఉపద్రవములు లేనివారిలో ఈ తగ్గుదల 67 శాతము. ఉపద్రవములు కలవారిలో 50 మాత్రమే. అయినను ఆ గడువు తరువాత టీకా పొందినవారిలో కోవిడ్‌తో ఆసుపత్రి పాలైన వారు గాని, మరణించినవారు గాని లేకపోయిరి.

ఈ అంకెలను మార్చి నాటి పట్టిక ప్రక్కన పెట్టి చూడుడు. ముదిరిన రోగికి ముందు టీకా ఇచ్చుట న్యాయమే; అతనికే ప్రమాదమెక్కువ. కాని టీకా బాగుగ పట్టునది ఇంకను ముదరని కాలేయము కలవానిలో. పట్టిక వ్రాసినవారికి మార్చి నెలలో ఈ అంకెలు చేతిలో లేవు. టీకాలును చాలినన్ని లేవు. కావున వారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. అయినను మన తొర్రూరు రైతు వంటివారు ఆ నెల రోజులు పట్టికకు వెలుపల నిలిచిరి.

ఇప్పుడు వైద్యులు కాలేయ రోగికి వ్యాధి తెలిసిన నాడే, మార్పిడికి ముందుగనే టీకాలు పూర్తిచేయ చూచుచున్నారు. ఫ్లూ టీకా ఏటేట వేయవలెను, ఏలయన ఆ వైరసు ఏటేట వేషము మార్చును. ముక్కులో చిమ్ము సజీవపు మందు కంటె చేతికి వేయు సూదియే వీరికి మేలు. జ్వరము వచ్చినచో పారాసిటమాలు మోతాదును వైద్యుని అడిగియే తీసుకొనవలెను. రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్ అను మరియొక శ్వాసకోశ వైరసునకు 2023లో అమెరికాలో టీకా అనుమతింపబడినది. మరుసటి ఏట అచ్చట 60 నుండి 74 ఏండ్ల వారిలో ఎవరికి అది వేయవలెనో చెప్పు పట్టిక నొకటి వెలువరించిరి. అందు దీర్ఘకాలిక కాలేయ వ్యాధి పేరు చేర్చబడినది.