వచ్చే ఏటి రంగు - ధర్మవరం లెక్క

పాంటోన్ అని అమెరికా కంపెనీ ఒకటుంది. 2000 నుంచీ "ఈ ఏటి రంగు ఇదీ" అని ప్రకటిస్తోంది. 2000కి సెరూలియన్ నీలం, 2025కి మోకా మూస్, అదే, మన కాఫీ రంగు. జోస్యం తప్పితే వాళ్ళకి పెద్దగా పోయేదేం లేదు. ధర్మవరం నేతగాడికి మాత్రం పోతుంది.

మన సీమలో రంగుల సరదా కొత్తదేం కాదు. అచ్యుతదేవరాయల కాలంలో (1529-42) పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు హిందూపురం దగ్గర లేపాక్షి గుడి కట్టించారు. ఆ మండపం పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళ చీరలు చూడండి. గళ్ళు, చారలు, పూలు, అంచులు... అప్పటి ఫ్యాషన్ కేటలాగే! రంగులు మాత్రం ఎరుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చ లాంటివే. నీలం బాగా అరుదు. మట్టీ, ఆకూ ఏమిస్తే అదే రంగు.

1856లో పెర్కిన్ లండన్‌లో కృత్రిమ రంగు తయారుచేశాక ఆ హద్దు చెరిగిపోయింది. ఇప్పుడు ఏ రంగైనా దొరుకుతుంది. ఏది ఎంచుకోవాలన్నదే చిక్కు.

పడుగు మగ్గానికి ఎక్కాక దాని రంగు మార్చలేం. దాని మీద కొన్ని చీరలు నెయ్యాల్సిందే. ఈలోగా జనం మోజు మారితే పెట్టుబడి ఇరుక్కున్నట్టే. పేక మాత్రం చీరకో రంగు వాడుకోవచ్చు. పడుగొకటి, పేకొకటి: ధర్మవరానికి పేరు తెచ్చిన రెండు వన్నెల పట్టు ఇదే. మన భాషలో ఒకటి హార్డ్‌కోడ్, రెండోది రన్‌టైంలో ఇచ్చేది అన్నమాట. అందుకోసమే ఈ నేత పుట్టిందని నేననను గానీ, నష్టాన్ని కొంత తగ్గిస్తుందనేది నిజం.

ఈసారి పట్టుచీర కొనేటప్పుడు "లేటెస్ట్ కలర్ చూపించు" అనే ముందు, పోయినేడు మిగిలినవి కూడా ఓసారి తీయించండి. రంగు పాతబడిందేమో గానీ, పట్టు పాతబడలేదు.