తిషా బెఆవ్ ఉపవాసం: మధ్యాహ్నం తరువాతి ఊరట

యూదుల పంచాంగంలో ఆవ్ మాసం తొమ్మిదో రోజు తిషా బెఆవ్. క్రీ.పూ. 586లో బబులోను సైన్యమూ, క్రీ.శ. 70లో రోమన్ సైన్యమూ వరుసగా యెరూషలేములోని మొదటి, రెండో దేవాలయాలను నాశనం చేసినందుకు పాటించే ఉపవాసమిది. సూర్యాస్తమయం మొదలు మర్నాడు చీకటి పడేదాకా, దాదాపు 25 గంటలు అన్నపానీయాలు ముట్టరు. స్నానం, తైలం, తోలు చెప్పులు, దాంపత్యం కూడా నిషిద్ధం. దీన్ని ఒక జాతి సంతాపదినంగా చెప్పి ఊరుకోవడం పరిపాటి. అది సగం నిజమే. మిగతా సగం ఆ రోజు మధ్యాహ్నం దాటాక మారే ఆచారాల్లో ఉంది.

రాత్రి దీపాలు తగ్గించి, నేల మీద కూర్చుని విలాపవాక్యములు చదువుతారు. తోరా అధ్యయనం మనసుకు సంతోషాన్నిస్తుంది కనుక దాన్నీ మానుతారు; యోబు గ్రంథం, యిర్మీయాలోని దుఃఖభాగాలు వంటివాటికే అనుమతి. చదువును భోగాల్లో లెక్కవేసిన సంస్కృతి ఇది! మధ్యాహ్నం దాటగానే లేచి ఆసనాల మీద కూర్చుంటారు. పొద్దున పెట్టుకోని తెఫిలిన్, అంటే ప్రార్థనలో కట్టుకునే తోలు పెట్టెలు, అప్పుడు ధరిస్తారు. సీయోనును ఓదార్చమని కోరే ‘నహేమ్’ ప్రార్థన చేరుస్తారు.

ఇక్కడే చిక్కుంది. యూదుల ధర్మచర్చల సంకలనమైన తల్మూద్‌లోని తానీత్ ప్రకరణం ప్రకారం శత్రువులు గుడికి నిప్పు పెట్టింది తొమ్మిదో రోజు పొద్దువాలే వేళ. అది పదో రోజంతా కాలింది. తానే ఉండి ఉంటే ఉపవాసాన్ని పదో రోజుకే పెట్టేవాడినని యోహానాన్ అనే పండితుడు అన్నాడు కూడా. అంటే మంట రేగిన వేళకే దుఃఖాచారాలు సడలుతున్నాయి. దేవుడు తన కోపాన్ని కలప మీద, రాళ్ల మీద తీర్చుకుని మనుషుల్ని మిగిల్చాడన్నది సంప్రదాయ వ్యాఖ్యానం. ఇది నాకు సబబుగానే తోస్తుంది, కానీ చాలదు. మిగిలినవాళ్లు ఎందుకు మిగిలారు?

దీనికి జెకర్యా గ్రంథం దారి చూపుతుంది. క్రీ.పూ. 518లో, రెండో దేవాలయం కడుతుండగా, ఐదో నెలలో, అంటే ఆవ్‌లో, ఇంకా ఏడవాలా అని బేతేలువారు అడిగించారు. ప్రవక్త అవునననూ లేదు, కాదననూ లేదు. మీ ఉపవాసం ఎవరి కోసమని తిరిగి ప్రశ్నించి, విధవరాళ్లను, తండ్రిలేనివారిని, పరదేశులను, బీదలను బాధపెట్టవద్దన్నాడు. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమొనిదీస్ ఈ ఉపవాసాల ప్రయోజనాన్ని ఇదే దిశలో నిర్ణయించాడు: పూర్వుల తప్పులనూ, వాటిని పోలిన మన తప్పులనూ తలచుకుని మారడం. నిష్కారణ ద్వేషం వల్లే రెండో గుడి కూలిందని తల్మూద్ చెప్పడం ఈ దృష్టికి ముందే వేసిన పునాది. ఈ వెలుగులో చూస్తే మధ్యాహ్నపు ఊరట దుఃఖానికి విరామం కాదు, బతికి ఉన్నవాళ్ల మీద పడిన బాధ్యత.

1967 యుద్ధంలో పాత యెరూషలేము ఇజ్రాయెల్ చేతికి వచ్చాక, ఆ నగరాన్ని పాడుబడ్డ నగరంగా వర్ణించే నహేమ్ పాఠం మీద వివాదం రేగింది. ష్లోమో గోరెన్ వంటి రబ్బీలు పాఠాన్ని మార్చారు. మరో రబ్బీ ఓవదియా యోసెఫ్ ఒప్పుకోలేదు. ఎన్ని భవనాలు లేచినా ఆధ్యాత్మికంగా ఆ నగరం ఇంకా పాడుగానే ఉందన్నది ఆయన వాదం.