పెళ్ళయితేగానీ కుదరని పిచ్చి: ఫారిన్ కీల వాయిదా కథ

"పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు" అని సామెత. డేటాబేసుల్లో ఇది మామూలే. ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఓ మేనేజరుండాలి, ఆయన ఎంప్లాయీ టేబుల్లో ఉండాలి. ప్రతి ఎంప్లాయీకీ ఓ డిపార్ట్‌మెంటుండాలి. రెండువైపులా ఫారిన్ కీ, రెండూ నాట్ నల్. మరి మొదటి రో ఎక్కడ పెడతారు?

మనలో చాలామంది చేసే పని (ఒకప్పుడు నేనూ చేసిందే) ఓ ఫారిన్ కీ పీకెయ్యడం. కానీ దీనికి మందు 1992లోనే దొరికింది.

ఫారిన్ కీ అన్నమాట ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన పేపర్లోనే ఉంది. తమాషా ఏంటంటే, డేటా పొసిగిందో లేదో ఎప్పుడు చూడాలన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది. మార్పు జరిగినప్పుడల్లా చూడొచ్చు, లేదా రోజుకోసారి అన్నీ కలిపి చూడొచ్చు అన్నాడాయన. 1986లో వచ్చిన తొలి ఎస్‌క్యూఎల్ స్టాండర్డులో అసలు ఫారిన్ కీలే లేవు! 1989లో చేరాయి. 1992 స్టాండర్డులో 'డిఫరబుల్' వచ్చింది. అంటే తనిఖీని కమిట్ దాకా వాయిదా వెయ్యొచ్చన్నమాట. మధ్యలో ఇల్లెంత చిందరవందరగా ఉన్నా, చుట్టాలొచ్చే టైముకి సర్దేస్తే చాలు.

ఒరాకిల్ 8 (1997), పోస్ట్‌గ్రెస్ 7.0 (2000), ఎస్‌క్యూలైట్ 3.6.19 (2009) దీన్ని అందుకున్నాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ అందుకోలేదు. మైఎస్‌క్యూఎల్లో ఉన్న దారి ఫారిన్ కీ చెక్స్‌ని సున్నా చెయ్యడం. చిక్కేమిటంటే, మళ్ళీ ఒకటి చేసినా మధ్యలో దూరిన రోలను అది వెనక్కెళ్ళి చూడదు.

ఓ ప్రాజెక్టులో డేటా మైగ్రేషన్ రాత్రి మేం అదే చేశాం. లోడ్ చకచకా అయిపోయింది, అందరం ఇళ్ళకెళ్ళిపోయాం. కొన్ని నెలలకి కస్టమరే లేని ఆర్డర్లు బయటపడ్డాయి. ఆ డబ్బు ఎవరి ఖాతాలో వెయ్యాలో చెప్పేవాడు లేడు. అప్పటికి పాత సిస్టమూ లేదు.

అప్పుకి వాయిదా అడగడం వేరు, ఎగ్గొట్టడం వేరు. డిఫరబుల్ మొదటిది, మేం చేసింది రెండోది.

అలాగని అన్నిటికీ ఇది పెట్టెయ్యమనను. తప్పు కమిట్ దగ్గర బయటపడితే, ఏ లైను చేసిందో వెతుక్కోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో అడక్కపోతే వాయిదా ఇవ్వకపోవడం సబబే. కానీ ఫారిన్ కీ "అడ్డొస్తోంది" అని పీకేసే ముందు, కమిట్ దాకా ఆగమని ఓసారి అడిగి చూడండి. ముప్ఫై ఏళ్ళు దాటింది ఆ మాట పుట్టి. మన కోడ్ రివ్యూల్లో మాత్రం ఎక్కడా వినబడదేం?