శష్పతోక్మ శబ్దార్థ విచారము

సౌత్రామణీయాగమున సురాద్రవ్యములుగా శష్పములు, తోక్మములు, లాజలు, నగ్నహువు విధింపఁబడినవి. అమరకోశమున శష్పము లేఁగడ్డి. తోక్మము పచ్చని యవ. శుక్లయజుర్వేదభాష్యమున మహీధరుఁడు మాత్రము శష్పములనఁగా మొలకెత్తిన వడ్లనియు, తోక్మములనఁగా మొలకెత్తిన యవలనియు వ్యాఖ్యానించెను. ఈ రెంటిలో నేది గ్రాహ్యము?

శతపథబ్రాహ్మణము సీసమిచ్చి శష్పములను, ఉన్నినిచ్చి తోక్మములను కొనవలెనని విధించినది. కాత్యాయనశ్రౌతసూత్రము వానిని చూర్ణముచేసి, వార్చిన గంజిలోఁ గలుపవలెననుచున్నది. పచ్చని యవయుఁ దడిమొలకయు దంచినచో ముద్దయగునే కాని చూర్ణము కాదు. లేఁగడ్డి నెండించి దంచినను సురకుఁ దోడ్పడదు. కాన నవి మొలకెత్తించి యెండఁబెట్టిన గింజలే. క్రయవిధివలన నవి యాగమునకు ముందే సిద్ధమై నిలువయుండెననియు నూహింపవచ్చును.

మొలకెత్తు గింజయందుఁ బుట్టి పిండిని చక్కెరగా మార్చు పదార్థమును ఫ్రాన్సుదేశపు రసాయనశాస్త్రజ్ఞులు పాయెన్, పెర్సో 1833లో వేఱుచేసి డయాస్టేసని పేరిడిరి. మెల్లగా నెండిన గింజయం దా శక్తి నెలలకొలఁది నిలుచును, చెమ్మచే క్షీణించును. ప్రాఁతగింజ బలము తగ్గినను, క్రొత్తది కొంత చేర్చినచో నక్కఱకు వచ్చును. తెలుగిండ్లలో రాగులను మొలకెత్తించి, యెండఁబెట్టి, పిండిచేసి దాఁచుటయు నీ మార్గమే.

మొలక లేఁగడ్డిని బోలుటచే నా శబ్దము లక్షణచే గింజకుఁ జెల్లినది. ఇచ్చట నిఘంటువుకంటె భాష్యమే బలీయము, ప్రయోగమే యర్థనిర్ణాయకము.