వ్యసనమను మాటలోని రెండర్థములు

వ్యసనపరుడనగానే శీలము చెడినవాడని నేడు మనమెల్లరము తలంతుము. కాని సంస్కృతమున ఈ మాటకు రెండర్థములు గలవు. ఒకటి దురభ్యాసము, రెండవది ఆపద. కౌటిల్యుని అర్థశాస్త్రమున 8వ అధికరణమునకు వ్యసనాధికారికమని పేరు. జూదము, మద్యపానము, అగ్ని, వరద, వ్యాధి, దుర్భిక్షము అన్నియు అందే విచారింపబడినవి. మనిషిని శ్రేయస్సునుండి తొలగద్రోయునది గావున వ్యసనమని ఆ శాస్త్రకారుడు వ్యుత్పత్తి చెప్పెను. పడినవానితోబాటు పడద్రోసిన బలమును గూడ చూడుమని ఆ మాటయే మనకు చెప్పుచున్నది.

ఆ బలమును లోపలినుండి చూపినది ఋగ్వేదము 10వ మండలములోని 34వ సూక్తము. అందు మాటలాడువాడు జూదరియే. ఆలు దూరమైనది, అత్త ద్వేషించుచున్నది. ఇక ఆడనని అతడు నిశ్చయించుకొనును; పాచికల చప్పుడు వినబడగానే మరల పోవును. తప్పని తెలియనివానికి నీతి చెప్పవచ్చును. తెలిసియు మానలేనివానికి నీతి యొక్కటియే చాలునా?

నన్నయ తెనిగించిన ఆరణ్యపర్వభాగములోని నలోపాఖ్యానము ఈ ప్రశ్నకు బదులు చెప్పును. ధర్మవర్తనుడగు నలునిలో కలి ప్రవేశించెను. పుష్కరునితో జూదమాడి అతడు రాజ్యమును గోలుపోయెను. పౌరులు, మంత్రులు, దమయంతి ఎంత వేడినను వినడయ్యె. తుదకు ఋతుపర్ణునివలన అక్షహృదయమను విద్య లభించిన పిదపనే కలి అతనిని విడిచెను. పిమ్మట నలుడు మరల ఆడి గెలుచుట కథాన్యాయమే గాని వైద్యన్యాయము కాదు. అయినను, మందలింపు చేయలేని పనిని మర్మజ్ఞానము చేసినదనుట గమనింపదగినది.

కవులు గ్రహించిన దానిని వైద్యులు చాల కాలమునకు గాని చేపట్టలేదు. బ్రిటిష్ నౌకాదళమున వైద్యుడుగా పనిచేసిన థామస్ ట్రాటర్, 1804లో ప్రకటించిన గ్రంథమున త్రాగుడును మనోవ్యాధిగా వివరించెను. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వాని సేవనమును నేరముగ నెంచును; స్వయముగ చికిత్సకు వచ్చిన వ్యసనపరునకు అభియోగమునుండి మినహాయింపునకు గూడ అందే వీలు గలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగముతో ముడిపడిన స్థితులను మానసికవ్యాధులలో చేర్చినది. ప్రాచీనపదములోని రెండర్థములు నేడు మన చట్టములలో పెనగులాడుచున్నవి.

మూడవ పాఠము నెల్లూరు సీమది. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. త్రాగుడువలన దెబ్బలు తిన్నదియు, పస్తులున్నదియు ఆడువారే. అయినను వారు మగవారిని నిందించి ఊరకుండలేదు. ఊరిలోని సారా అంగడిని మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాలకు వ్యాపించి, 1993లో ఆంధ్రప్రదేశమున సారా నిషేధమునకు దారితీసెను. సంకల్పబలము ఇంటిలోపలి సంగతి. వాకిట వెలసిన అంగడి రాజ్యము సంగతి. ఈ భేదమును శాస్త్రము చదువకయే వారు కనుగొనిరి.

మన కథలలో త్రాగుబోతు తరచుగ ఖలుడో విదూషకుడో అగుచున్నాడు. రచయితలు ఆ వైదికకవివలె వానిచేత మాటలాడింపవలెను. ఆలి కన్నీరు ఆ మాటలలో దాగరాదు. వాని నిస్సహాయతయు దాగరాదు. రెంటిని ఒకే పుటలో నిలుపగలిగిననాడు వ్యసనమను మాటకు పూర్ణార్థము మరల సిద్ధించును.