మూసారాంబాగ్ గుట్ట మీది పరదేశి

సైదాబాద్ నుండి మలక్‌పేట వైపు వెళ్ళేవారి కంట మూసారాంబాగ్ అన్న పేరు పడక మానదు. 2018లో దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చిన తరువాత ఆ పేరు స్టేషను పలక మీదికి కూడా ఎక్కింది. అందులోని రాముడెవరో, మూసా ఎవరో చాలాకాలం నాకు తట్టలేదు. మూసీ ఒడ్డున ఎవరో రాముడి తోట ఉండేదని ఒక మిత్రుడు వ్యుత్పత్తి చెబితే నమ్మి, మరికొందరికి కూడా చెప్పాను. (ఆ కొందరిలో ఈ టపా చదువుతున్నవారుంటే క్షంతవ్యుణ్ణి.) నిజానికి అక్కడ రాముడూ లేడు, మూసీ ప్రసక్తీ లేదు. ఉన్నవాడు ఒక ఫ్రెంచి దేశస్థుడు, మొస్యూ రేమండ్. ముసల్మానుల నోట అతడు మూసా రహీం అయ్యాడు, హిందువుల నోట మూసా రాం అయ్యాడు. ఆ పేరే తోటకు, పేటకు నిలిచింది.

గాస్కనీ ప్రాంతంలో 1755లో పుట్టిన ఇతడు 1775లో పాండిచ్చేరి చేరి, తరువాత బుస్సీ కొలువులో పనిచేసి, 1786లో రెండవ ఆసఫ్ జా నిజాం అలీ ఖాన్ సేవలో ప్రవేశించాడు. పన్నెండేళ్ళలో సుమారు పద్నాలుగు వేల మంది సిపాయిలను ఐరోపా పద్ధతిలో తీర్చిదిద్దాడు. నేటి గన్‌ఫౌండ్రీ, అంటే తోపు కా సాంచా, అతని ఫిరంగుల కార్ఖానా ఉన్న చోటు. 1798 మార్చి 25న మరణించాడు. విషప్రయోగమనీ, ఆత్మహత్య అనీ పుకార్లు వచ్చాయి గాని వాటి జోలికి నేను పోను. నాకు ఆసక్తి కలిగించేది అతని చావు కాదు, ఆ తరువాత అతని తోటివారికి పట్టిన గతి.

అదే సంవత్సరం సెప్టెంబరు 1న నిజాంకు, ఈస్టిండియా కంపెనీకి ఒక సంధి కుదిరింది. సహాయక సైన్యం గురించీ, దానికయ్యే ఖర్చు గురించీ అందరికీ తెలిసిన చరిత్రే. పాఠ్యపుస్తకాలు పట్టించుకోని నిబంధన ఒకటి అందులో ఉన్నది. ఫ్రెంచి వారిని నిజాం తన కొలువు నుండి తొలగించాలి, మళ్ళీ ఎన్నడూ చేర్చుకోరాదు. అంతేకాదు, ఏ ఐరోపా దేశస్థుడినైనా సరే, కంపెనీకి తెలియకుండా, కంపెనీ సమ్మతి లేకుండా కొలువులో పెట్టుకోరాదు, రాజ్యంలో ఉండనివ్వరాదు. చదువరులు ఈ రెండవ మాట వద్ద కొంచెం ఆగాలని నా మనవి. తన ఇంట ఏ అతిథి ఉండాలో నిర్ణయించే అధికారాన్ని గృహస్థు పొరుగువాడికి రాసి ఇచ్చాడన్నమాట. అప్పట్లో ఆంగ్లేయుడు కంపెనీ భూభాగంలో నివసించాలన్నా లైసెన్సు కావలసిందే. 1833 చార్టర్ చట్టం దాన్ని చాలావరకు సడలించింది. కాని ఇక్కడ ఆ అనుమతి విధానాన్ని పరాయి రాజ్యం మీద రుద్దారు. హైదరాబాదులో విదేశీయుల నివాసానుమతి చరిత్రకు నా దృష్టిలో ఇదే మొదటి పుట.

అక్టోబరు 22న, రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, అతని సహాయకుడు జాన్ మాల్కం కలిసి ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేశారు. నెత్తురు చిందలేదు. ముందురోజే జీతం బకాయిల కోసం సిపాయిలు తిరగబడి, రేమండ్ తరువాత అధిపతి అయిన పిరోన్ సహా తమ అధికారులనే నిర్బంధించారు. నిన్నటిదాకా దొరలుగా బతికినవారికి ఆనాడు ఇంగ్లీషువారి చేతిలో పడడమే మేలనిపించి ఉంటుంది. నిలువ నీడ పోగొట్టిన చేయే ప్రాణం కాపాడింది.

ఆ తరువాత నిజాం రాజ్యంలో ఉండదలచిన తెల్లవాడికి ఆధారం రెసిడెన్సీయే. కోఠీ అన్న పేరు నగరానికి ఇచ్చింది కూడా ఆ భవనమే. ఉండేందుకు సమ్మతి అక్కడే, జ్వరం వస్తే వైద్యుడూ అక్కడే. కిర్క్‌పాట్రిక్ కాలంలో రెసిడెన్సీ సర్జన్ జార్జి యూర్. 1805లో కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల పిల్లలిద్దరినీ ఓడలో ఇంగ్లండుకు తీసుకువెళ్ళినది యూర్ గారి భార్యయే. ఆ పిల్లలు తల్లిని మళ్ళీ చూడలేదు.

అయితే వైద్యం అనుమతి పత్రంలా గోడల మధ్య నిలిచేది కాదు. 1846లో రెసిడెన్సీ సర్జన్ విలియం కాంప్‌బెల్ మక్లీన్ ఆధ్వర్యంలో, నాల్గవ నిజాం నాసిరుద్దౌలా ఆదరణతో, హైదరాబాదు వైద్య పాఠశాల వెలసింది. పాశ్చాత్య వైద్యాన్ని అక్కడ ఉర్దూలో బోధించారు. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. నలభై ఏళ్ళ తరువాత అదే సర్జన్ పదవిలో, అదే పాఠశాల అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో క్లోరోఫాం పరిశోధనా సంఘాలను నడిపాడు. ఖర్చు నిజాముది, ఆసక్తిగా చూసినది లండను. కొద్దిమంది పరదేశుల కోసం వచ్చిన వైద్యుడి పదవి నుండి ఊరందరి ఆసుపత్రి పుట్టిందంటే ఆ సంధిని నేను మెచ్చుకుంటున్నానని అనుకోకండి. సంధి రాసినవారి ఉద్దేశంలో ఇది లేనే లేదు.

ఇక నేటి మాట. 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం రద్దై, వాటి స్థానంలో 2025 నాటి చట్టం అమలులోకి వచ్చింది. ఎప్పుడనుకున్నారు? సెప్టెంబరు 1న! కాకతాళీయమే, అయినా తేదీ చూసి ఉలిక్కిపడ్డాను. నూట ఎనభై రోజులకు మించిన వీసాపై వచ్చే విదేశీయుడు సాధారణంగా పద్నాలుగు రోజుల్లో నమోదు చేసుకోవాలి. ఆసుపత్రిలో చేరితే ఆ సమాచారాన్ని ఆసుపత్రియే నమోదు అధికారికి అందజేయాలి. నాడు రెసిడెన్సీ ప్రాంగణంలో ఒకచోట ఉన్న రెండు పనులు మళ్ళీ ఒకే కాగితం మీదికి వచ్చాయి. జర్మనీ వెళ్ళే మన దిల్‌సుఖ్‌నగర్ పిల్లలకూ ఇదే అనుభవం. ఇల్లు దొరికిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో నమోదు కావాలి, ఆరోగ్య బీమా లేనిదే నివాసానుమతి రాదు. నాలుగు నెలలుగా సొంత గది దొరకక, స్నేహితుడి గదిలో సర్దుకుంటూ, చిరునామా నమోదు కాక, పంటినొప్పిని మాత్రలతో నెట్టుకొచ్చిన మా బంధువుల కుర్రవాడు ఫోనులో అన్నాడు: "బాబాయ్, ఇక్కడ నొప్పికి కూడా అడ్రసు కావాలి."

రేమండ్‌కు ఆ ఇబ్బంది రాలేదు. సంధికి ఐదు నెలల ముందే పోయాడు కనుక, అతడు ఇక్కడ ఉండడానికి కంపెనీ సమ్మతి ఎవరూ అడగలేదు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నల్లని రాతి స్తంభం, దానిపై జె.ఆర్. అన్న రెండక్షరాలు, పక్కన గ్రీకు వాస్తును పోలిన మంటపం. పటాలం చెదిరిపోయిన చాలాకాలం వరకు వర్ధంతినాడు జనం అక్కడికి చేరి దీపాలు వెలిగించి, ఊదువత్తులు ముట్టించేవారు. మంటపం 2001 వానలకు కూలిపోయింది. 2003లో తిరిగి కట్టారు. సాయంకాలం వెళితే గాలి బాగుంటుంది, చీకటి పడకముందే దిగి రండి.